చిన్న కళాశాలా, పెద్ద విశ్వవిద్యాలయమా: అమెరికాలో డిగ్రీ చదువుకు చోటు ఎంచుకునే పద్ధతి

మీ చేతికి రెండు ప్రవేశ పత్రాలు వచ్చాయనుకుందాం: ఒకటి మొత్తం మీద రెండు వేల మంది కూడా లేని, ప్రధానంగా డిగ్రీ చదువు కోసమే నడిచే లిబరల్ ఆర్ట్స్ కళాశాల నుంచి, రెండోది ముప్పై నలభై వేల మంది చదివే పరిశోధనా విశ్వవిద్యాలయం నుంచి. అమెరికాలో చాలా సంస్థలు మే 1వ తేదీలోగా సమాధానం కోరుతాయి; సాధారణ దరఖాస్తుల ఫలితాలు ఎక్కువగా మార్చి చివర్లో వెలువడతాయి కనుక ఆలోచించుకోవడానికి మిగిలేది ఇంచుమించు నెల రోజులు. ఆ నెలలో ఎక్కువ కుటుంబాలు చేసే మొదటి పని ర్యాంకుల పట్టిక తెరవడం. అయితే బాగా ప్రచారంలో ఉన్న యూఎస్ న్యూస్ పట్టిక ఈ రెండు రకాల సంస్థలను వేర్వేరు జాబితాల్లో పెడుతుంది కాబట్టి, ఒక జాబితాలోని పదో స్థానాన్ని ఇంకో జాబితాలోని నలభయ్యో స్థానంతో పోల్చడానికి అసలు ఆధారమే లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. సంస్థకు సంస్థను పోల్చితే తేలేది తక్కువ. మీరు చదవబోయే విభాగాన్ని అక్కడా ఇక్కడా పక్కపక్కన పెట్టి, రెండో ఏటి నుంచి మీకు ఎవరు, ఏమి, ఎంతమందిలో కూర్చోబెట్టి చెబుతారో చూస్తే తేలేది ఎక్కువ. ఆ పరిశీలన ఎలా చేయాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు చూసి మోసపోవద్దు

లిబరల్ ఆర్ట్స్ అనగానే సాహిత్యం, చిత్రలేఖనం మాత్రమే గుర్తుకు రావడం మనలో చాలామందికి ఉన్న పొరపాటు. మధ్యయుగపు ఐరోపాలో ఆ మాట కింద లెక్కకు వచ్చిన విద్యలు ఏడు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. అంటే గణితమూ శాస్త్రమూ మొదటి నుంచీ అందులో భాగమే. నేటి లిబరల్ ఆర్ట్స్ కళాశాలల్లో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, అర్థశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ మామూలు మేజర్లు (విద్యార్థి ప్రధానంగా ఎంచుకునే సబ్జెక్టులు). స్వార్త్‌మోర్, స్మిత్, లాఫాయెట్, హార్వీ మడ్ వంటి కొన్నిచోట్ల ఇంజనీరింగ్ డిగ్రీ కూడా ఉంది. 2020లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా కాలిఫోర్నియాలోని పొమోనా కళాశాలలో, 1989లో అదే శాస్త్రంలో నోబెల్ అందుకున్న థామస్ చెక్ ఐయోవాలోని గ్రిన్నెల్ కళాశాలలో డిగ్రీ చదివారు. ఆ తర్వాత డౌడ్నా హార్వర్డ్‌లోనూ చెక్ బర్క్‌లీలోనూ పీహెచ్‌డీ చేశారన్నది కూడా గమనించదగినదే. డిగ్రీకి సరిపోయిన చోటు, పీహెచ్‌డీకి సరిపోయిన చోటు ఒకే రకానివి కానక్కరలేదు.

బోర్డు మీద ఉన్న మాట కూడా నమ్మదగినది కాదు. డార్ట్‌మత్ కాలేజ్, బోస్టన్ కాలేజ్ పేరుకు కాలేజీలే గానీ అవి పీహెచ్‌డీలు ఇచ్చే పరిశోధనా విశ్వవిద్యాలయాలు. కోల్గేట్ యూనివర్సిటీ, బక్నెల్ యూనివర్సిటీ పేరుకు యూనివర్సిటీలైనా ప్రధానంగా డిగ్రీ విద్యార్థుల కోసం నడిచేవి. కాల్‌టెక్‌లో డిగ్రీ విద్యార్థులు సుమారు వెయ్యి మందే ఉన్నా అది పక్కా పరిశోధనా సంస్థ. అందువల్ల రెండు ప్రశ్నలు వేసుకోండి. మీ విభాగంలో పీహెచ్‌డీ విద్యార్థులు ఉన్నారా? అక్కడి అధ్యాపకుడికి టెన్యూర్ అనే శాశ్వత నియామకం దక్కాలంటే ముందుగా చూసేది ఆయన పరిశోధననా, బోధననా? జర్మన్ విశ్వవిద్యాలయాల ఒరవడిలో 1876లో జాన్స్ హాప్కిన్స్ మొదలైన నాటి నుంచి అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలు కొత్త జ్ఞానాన్ని పుట్టించడాన్నే తమ మొదటి పనిగా చూసుకుంటూ వచ్చాయి. చిన్న కళాశాలలు డిగ్రీ విద్యార్థికి చదువు చెప్పడాన్ని మొదటి పనిగా ఉంచుకున్నాయి. మిగతా తేడాలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

తరగతి సైజు లెక్కలో ఉన్న తిరకాసు

రెండు రకాల సంస్థలూ తమ కరపత్రాల్లో సగటు తరగతి సైజును, విద్యార్థి-అధ్యాపక నిష్పత్తిని గొప్పగా ముద్రిస్తాయి. ఈ రెండు అంకెలతో ఏ నిర్ణయానికీ రావద్దు. ఒక విభాగంలో పది తరగతులు నడుస్తున్నాయనుకోండి: ఒకదానిలో 300 మంది, మిగిలిన తొమ్మిదింటిలో పదేసి మంది. సగటు 39 వస్తుంది, చూడటానికి బాగానే ఉంటుంది. కానీ మొత్తం 390 సీట్లలో 300 ఆ ఒక్క పెద్ద హాలులోనివే, అంటే నాలుగింట మూడు వంతులకు పైగా విద్యార్థుల అనుభవం మూడు వందల మందిలో ఒకరుగా కూర్చోవడమే. నిష్పత్తి సంగతీ అంతే. పరిశోధనకే ఎక్కువ సమయం ఇచ్చి, ఏడాదికి ఒకటో రెండో కోర్సులు చెప్పే ప్రొఫెసరు కూడా ఆ లెక్కలో ఉండవచ్చు.

ఇంతకంటే మంచి ఆధారం కామన్ డేటా సెట్ అనే పత్రం. చాలా సంస్థలు ఏటా ఒకే నమూనాలో దీన్ని విడుదల చేస్తాయి. సంస్థ పేరుతో కలిపి వెతికితే దొరుకుతుంది. అందులో ‘ఐ’ అనే భాగంలో రెండు నుంచి తొమ్మిది మంది ఉన్న తరగతులు ఎన్ని, పది నుంచి పంతొమ్మిది ఉన్నవి ఎన్ని అంటూ వందకు మించిన వాటి దాకా పట్టిక ఉంటుంది. వంద దాటిన తరగతుల గడిని ముందు చూడండి. ‘జె’ భాగంలో ఏ శాస్త్రంలో ఎంత శాతం మంది పట్టా పుచ్చుకున్నారో ఉంటుంది. మీ సబ్జెక్టు వాటా ఒక శాతమే అయితే ఆ విభాగం ఎంత చిన్నదో దాన్నిబట్టే తెలుస్తుంది.

పెద్ద విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది కెమిస్ట్రీ లేదా ఎకనామిక్స్ సాధారణంగా ఇలా నడుస్తుంది: ప్రొఫెసరు వారానికి రెండు మూడుసార్లు పెద్ద హాలులో ఉపన్యసిస్తారు, విద్యార్థులు పాతిక మంది చొప్పున చిన్న సెక్షన్లుగా విడిపోయి పీహెచ్‌డీ చేస్తున్న టీచింగ్ అసిస్టెంట్ దగ్గర లెక్కలు చేస్తారు, వ్యాసాలూ పరీక్ష పేపర్లూ దిద్దేది కూడా చాలావరకు ఆ అసిస్టెంటే. చిన్న కళాశాలలో ఉపన్యాసం, ల్యాబ్, పేపర్లు దిద్దడం ఎక్కువగా ఒకే ప్రొఫెసరు పని. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి: తానే నాలుగేళ్ల కిందట అదే పాఠంతో కుస్తీ పట్టిన అసిస్టెంటుకు విద్యార్థి ఎక్కడ తడబడతాడో కొన్నిసార్లు పెద్ద ప్రొఫెసరు కంటే బాగా తెలుస్తుంది, అలాగే తరగతి చిన్నదైనంత మాత్రాన చెప్పేవారు బాగా చెబుతారన్న హామీ ఎక్కడా లేదు.

రెండేళ్ల టైమ్‌టేబుల్ చదవండి

ఎక్కువ మంది చేయని పని, నా లెక్కలో అన్నిటికంటే ఉపయోగపడే పని ఇది. కోర్సుల కేటలాగ్‌లో ఉన్నవన్నీ ఏటా నడవవు. అందుకని కేటలాగ్‌ను పక్కన పెట్టి, గడిచిన నాలుగు సెమిస్టర్లలో మీ విభాగం నిజంగా నడిపిన తరగతుల జాబితా వెతకండి. బయటివారు కూడా చూసేలా దాన్ని రిజిస్ట్రార్ పేజీలో ఉంచే సంస్థలు చాలా ఉన్నాయి, కనబడకపోతే విభాగానికి ఈమెయిల్ రాస్తే పంపుతారు. దాన్ని ముందు పెట్టుకుని మీ నాలుగేళ్ల చదువును కాగితం మీద రాయండి. ఆరుగురు ప్రొఫెసర్లున్న విభాగంలో ఒకరు సబాటికల్ అనే పరిశోధన సెలవు మీద వెళ్తే, పై స్థాయి కోర్సు ఒకటి ఆ ఏడాది ఉండకపోవచ్చు. కొన్ని కోర్సులు ఏడాది విడిచి ఏడాదే వస్తాయి. మీరు మూడో ఏట విదేశంలో ఒక సెమిస్టర్ గడిపితే, సరిగ్గా అప్పుడే వచ్చిన కోర్సు చేజారుతుంది.

గణితంలో ముందున్న విద్యార్థికి ఇది మరీ ముఖ్యం. బడిలోనే మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా పూర్తి చేసిన వ్యక్తికి చిన్న కళాశాలలో మూడో ఏడు ముగిసేసరికి తీసుకోవడానికి కోర్సులు మిగలకపోవచ్చు. మిషిగన్, బర్క్‌లీ వంటి పెద్ద విశ్వవిద్యాలయాల్లో అదే వ్యక్తి పీహెచ్‌డీ విద్యార్థులతో కలిసి డిగ్రీకి పై స్థాయి (గ్రాడ్యుయేట్) కోర్సుల్లో కూర్చోవచ్చు. మరోవైపు, పై స్థాయి కోర్సులు ఎన్ని ఉన్నాయన్నదొక్కటే చూస్తే వాటిని చెప్పే తీరు కనబడదు. విలియమ్స్ కళాశాలలో ట్యుటోరియల్ అనే తరగతిలో ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసరు మాత్రమే కూర్చుంటారు. ఒక వారం ఒకరు వ్యాసం రాస్తే రెండోవారు దాన్ని విమర్శిస్తారు. ఒరెగన్‌లోని రీడ్ కళాశాలలో పట్టా పుచ్చుకునే ప్రతి విద్యార్థీ చివరి ఏడాది థీసిస్ రాయాల్సిందే. అక్కడి పరిశోధక అణు రియాక్టరును నడిపేది కూడా ఎక్కువగా డిగ్రీ విద్యార్థులే.

కోర్సుల కొరతకు ఒక విరుగుడు కూటములు. క్లేర్‌మాంట్‌లో పొమోనా, హార్వీ మడ్ సహా ఐదు డిగ్రీ కళాశాలలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండి, ఒకదాని విద్యార్థి మరొకదానిలో తరగతులకు వెళ్లే ఏర్పాటు చేసుకున్నాయి. మసాచుసెట్స్‌లో ఆమ్‌హర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్, హాంప్‌షైర్ కళాశాలలు పక్కనే ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయంతో కలిసి 1965 నుంచి ఇలాంటి కూటమిగా సాగుతున్నాయి. అయితే క్లేర్‌మాంట్‌లో పక్క కళాశాలకు నడిచి వెళ్లడం వేరు, బస్సు ఎక్కి పక్క ఊరికి వెళ్లి రావడం వేరు. మీకు కావలసిన కోర్సుకు వెళ్లి వచ్చే సమయం కూడా ఆ కాగితం మీద రాసుకోండి.

పెద్ద విశ్వవిద్యాలయంలో చూడవలసిన చిక్కు మరొకటి ఉంది. అక్కడ ప్రవేశం దొరికినంత మాత్రాన కోరుకున్న మేజర్ దొరికినట్టు కాదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల కంప్యూటర్ సైన్స్ సీట్లలో ఎక్కువ భాగం మొదటి ప్రవేశంలోనే నిండిపోతాయి. వేరే మేజర్‌లో చేరి తర్వాత మారుదామనుకునేవారికి దారి ఇరుకు. మీ ప్రవేశ పత్రం మీద మేజర్ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే గత ఏడాది ఎంతమంది అంతర్గతంగా దరఖాస్తు చేశారు, ఎంతమందికి దొరికిందని అడగండి. చిన్న కళాశాలల్లో మేజర్‌ను రెండో ఏడాది చివర్లో ప్రకటించడం రివాజు, తలుపులు కూడా సాధారణంగా తెరిచే ఉంటాయి, కానీ కంప్యూటర్ సైన్స్ తరగతుల్లో సీట్ల కరువు వాటికీ తప్పడం లేదు. మూడేళ్లు కళాశాలలో, రెండేళ్లు విశ్వవిద్యాలయంలో చదివి ఇంజనీరింగ్ పట్టా కూడా పొందవచ్చనే 3-2 ఏర్పాటును ఎవరైనా ఆశ చూపితే, రెండో చోట ఆర్థిక సహాయం కొనసాగుతుందా అని ముందే తేల్చుకోండి.

పరిశోధన ఎవరి చేతికి అందుతుంది

పరిశోధన చేయాలంటే పరిశోధనా విశ్వవిద్యాలయమే సరైనదన్నది వినడానికి సహజంగా ఉంటుంది, సగం నిజం కూడా. ల్యాబులు, పరికరాలు, నిధులు అక్కడ ఎక్కువ. ఎంఐటీ 1969లోనే డిగ్రీ విద్యార్థులను పరిశోధనలో చేర్చుకునే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. కానీ ఆ ల్యాబులో ముందు పీహెచ్‌డీ ముగించిన పోస్ట్‌డాక్టరల్ పరిశోధకుడు, అతని తర్వాత పీహెచ్‌డీ విద్యార్థి, ఆ తర్వాత మీరు. చిన్న కళాశాలలో ఆ మధ్య వరసలు ఉండవు కనుక ప్రొఫెసరుకు చేయూతగా ఉండేది డిగ్రీ విద్యార్థే. పని వేగమూ ఖరీదైన పరికరాలూ తక్కువైనా, ప్రయోగాన్ని మొదటి నుంచి చివరిదాకా తన చేతితో చేసే అవకాశం ఎక్కువ. విద్యార్థుల సంఖ్యతో పోల్చి చూస్తే, తర్వాత పీహెచ్‌డీ పూర్తి చేసేవారిని ఎక్కువగా అందించే సంస్థల్లో కాల్‌టెక్‌తో పాటు హార్వీ మడ్, రీడ్, స్వార్త్‌మోర్, కార్ల్‌టన్ వంటి చిన్న కళాశాలలు ఎప్పటినుంచో ముందు వరసలో ఉన్నాయి. ఆ చదువుపై మక్కువ ఉన్నవారే అక్కడికి వెళ్తారన్నది కూడా దీనికి ఒక కారణం కావచ్చు.

విదేశీ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో డిగ్రీ విద్యార్థుల కోసం వేసవిలో నడిచే ఆర్‌ఈయూ అనే పరిశోధన శిబిరాల్లో భృతి అందేది అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. అందువల్ల మీ వేసవి పరిశోధనకు సంస్థ సొంత నిధి ఉందా లేదా అన్నది మీకు మరింత ముఖ్యమవుతుంది. విభాగాధిపతికి రాసి మూడు విషయాలు అడగండి: పోయిన వేసవిలో భృతితో పరిశోధన చేసిన డిగ్రీ విద్యార్థులు ఎందరు, వారిలో మొదటి, రెండో ఏడాది వారు ఎందరు, ఆ నిధికి విదేశీ విద్యార్థులు అర్హులా. జవాబు అంకెల్లో వస్తే మంచి గుర్తు. ‘మా దగ్గర అవకాశాలకు కొదవ లేదు’ అనే జవాబును జవాబుగా లెక్క పెట్టవద్దు.

డబ్బు, వీసా

ప్రైవేటు సంస్థల్లో ఫీజు, వసతి, భోజనం కలిపి ప్రకటిత ఖర్చు చాలాచోట్ల ఏడాదికి 80,000 డాలర్లు దాటింది. అందరూ అంత చెల్లించరు. ఆర్థిక స్థితి చూడకుండా విదేశీ దరఖాస్తులను కూడా పరిశీలించి, ప్రవేశం ఇచ్చినవారి అవసరం మేరకు సాయం చేసే కొద్ది సంస్థల్లో ఆమ్‌హర్స్ట్, బోడన్ వంటి చిన్న కళాశాలలూ, హార్వర్డ్, ఎంఐటీ వంటి విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విదేశీయులకు అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం సాధారణంగా చాలా తక్కువ. కామన్ డేటా సెట్‌లో ‘హెచ్6’ అనే చోట విదేశీ విద్యార్థులు ఎంతమందికి, సగటున ఎంత సాయం అందిందో ఉంటుంది. సాయం పోను కట్టవలసినదెంతో అంచనా వేసేందుకు సంస్థల సైట్లలో ఉండే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్లు ఎక్కువగా అమెరికా కుటుంబాల కోసం తయారైనవి, వాటి మీద ఆధారపడవద్దు.

స్కాలర్‌షిప్ పత్రంలో చూడవలసింది అది ఏటా పెరుగుతుందా, స్థిరంగా ఉంటుందా అన్నది. మొదటి ఏడాది ఖర్చు 85,000, స్కాలర్‌షిప్ స్థిరంగా 40,000 డాలర్లు అనుకోండి. ఖర్చు ఏటా నాలుగు శాతం పెరిగితే మీరు కట్టేది మొదటి ఏడు 45,000, నాలుగో ఏడు సుమారు 55,600. నాలుగేళ్లకు కలిపి సుమారు 2,01,000. మొదటి ఏటి అంకెను నాలుగుతో హెచ్చవేస్తే వచ్చే 1,80,000 కంటే ఇది ఇరవై వేలకు పైగా ఎక్కువ. స్కాలర్‌షిప్ నిలవాలంటే ఉండవలసిన గ్రేడు ఎంతో కూడా చూసుకోండి. నవంబరులోనే దరఖాస్తు చేసే ఎర్లీ డెసిషన్ పద్ధతిలో ప్రవేశం వస్తే చేరడానికి కట్టుబడి ఉన్నట్టే కాబట్టి, రెండు చోట్ల సాయాన్ని పోల్చే వీలు ఉండదు. డబ్బు నిర్ణాయకమైన కుటుంబం ఆ దారిలో వెళ్లే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివినవారు పట్టా తర్వాత ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద పన్నెండు నెలలు పనిచేయవచ్చు. స్టెమ్ (శాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత) జాబితాలోని మేజర్ అయితే మరో ఇరవై నాలుగు నెలల పొడిగింపు కోరవచ్చు. ఇక్కడ లెక్కకు వచ్చేది మేజర్ పేరు కాదు, వీసా కోసం సంస్థ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే సీఐపీ కోడ్, అంటే చదువు రకాన్ని సూచించే అధికారిక అంకె. సాధారణ అర్థశాస్త్రానికి వాడే 45.0601 స్టెమ్ కిందికి రాదు, ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్‌కు చెందిన 45.0603 వస్తుంది. ఒకే పేరున్న మేజర్‌కు రెండు సంస్థల్లో రెండు కోడ్‌లు ఉండవచ్చు. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఒక్క ఈమెయిల్ రాస్తే తేలిపోయే విషయం ఇది.

చిన్న ప్రైవేటు కళాశాలల విషయంలో సంస్థ నిలకడనూ చూడాలి. వెర్మాంట్‌లో గ్రీన్ మౌంటెన్ కళాశాల 2019లో, మార్ల్‌బరో కళాశాల 2020లో మూతపడ్డాయి. ఐదేళ్లుగా విద్యార్థుల సంఖ్య తగ్గుతూ, విభాగాలు ఒక్కొక్కటీ రద్దవుతూ ఉంటే మంచి స్కాలర్‌షిప్ చూసి తొందరపడవద్దు.

మీ స్వభావానికి ఏది నప్పుతుంది

అర్థం కానప్పుడు మీరు ఏం చేస్తారో నిజాయతీగా గుర్తు తెచ్చుకోండి. ఎవరూ పిలవకపోయినా ఆఫీస్ అవర్స్‌లో, అంటే ప్రొఫెసరు విద్యార్థుల కోసం కేటాయించిన వేళల్లో, వెళ్లి తలుపు తట్టే విద్యార్థికి పెద్ద విశ్వవిద్యాలయం చిన్నదైపోతుంది. అక్కడ పెద్ద ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్ చాలాసార్లు ఖాళీగానే ఉంటాయి. వెనక వరసలో కూర్చుని ఏ నెలకు ఆ నెల వాయిదా వేసే విద్యార్థి అక్కడ ఒక సెమిస్టర్ పాటు ఎవరి కంటా పడకుండా ఉండిపోగలడు. పన్నెండు మంది తరగతిలో అది కుదరదు, మీరు రాకపోతే తెలిసిపోతుంది. తర్వాత పీహెచ్‌డీకో వైద్య విద్యకో మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు కావాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇంకా ఏ సబ్జెక్టూ ఖాయం చేసుకోని, నోరు విప్పడానికి కొంత సమయం పట్టే విద్యార్థిని నేనైతే చిన్న కళాశాల వైపు మొగ్గమంటాను. మేజర్ ఖాయమై, ఆ మేజర్‌లోనే నేరుగా ప్రవేశం వచ్చి, ఇప్పటికే నాలుగడుగులు ముందున్నవారిని విశ్వవిద్యాలయం వైపు. రెండూ కావాలనుకునేవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎంపికైన విద్యార్థులకు విడిగా తరగతులు నడిపే ఆనర్స్ కళాశాలలు ఉన్నాయి: అరిజోనా స్టేట్‌లో బారెట్, పెన్ స్టేట్‌లో ష్రేయర్ అలాంటివే. అయితే ఆనర్స్ తరగతులు మొదటి రెండేళ్లకే పరిమితమా, మీ మేజర్ పై కోర్సుల దాకా ఉన్నాయా అని అడగాలి.

వెయ్యిన్నర మంది ఉన్న చోట నాలుగేళ్లూ అవే ముఖాలు కనబడతాయి. కొందరికి అది ఇల్లు, కొందరికి ఊపిరాడని గది. దీని గురించి కళాశాల తరఫున చుట్టూ తిప్పి చూపించే విద్యార్థిని కాక, మీ విభాగంలో రెండో ఏడాది చదువుతున్న ఇద్దరిని అడగండి. కిందటి వారం మీరు ప్రొఫెసరుతో తరగతి బయట ఎంతసేపు మాట్లాడారు అని అడిగితే చాలు, మిగతా సంభాషణ దానంతటదే సాగుతుంది.

ఇవన్నీ చూశాక డబ్బు ఒక్కటే అడ్డమైతే, ఏప్రిల్ మొదటి వారంలోనే ఆర్థిక సహాయ కార్యాలయానికి మర్యాదగా పునఃపరిశీలన కోరుతూ రాయండి. మారిన ఆదాయం వివరాలు గానీ మరో సంస్థ ఇచ్చిన సాయం పత్రం గానీ జత చేయండి. జవాబు రావడానికి రెండు వారాలు పట్టవచ్చు. మే 1 నాటికి అడ్వాన్సు ఒక్క చోటే కట్టండి, రెండు చోట్ల కట్టినట్టు తెలిస్తే ప్రవేశం రద్దయ్యే ప్రమాదం ఉంది. అదే రోజు రెండో సంస్థకు రావడం లేదని రాసేయండి. వెయిటింగ్ లిస్టులో ఉన్న ఎవరో ఒకరు ఆ సీటు కోసం ఎదురు చూస్తూ ఉంటారు.